మొదటి లైన్లో రాయని జబ్బు

ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసి ఒక్క మనిషికీ సూది గుచ్చని వాణ్ణి నేను. పెళ్ళిళ్ళకి వెళితే ఇప్పటికీ ఎవరో ఒకరు పక్కకి పిలిచి, మోకాలు చూపించి, "ఏం వాడమంటారు?" అని అడుగుతారు. "నేను కాగితాల డాక్టర్నండీ" అంటాను. నవ్వుతారు. కాగితంతో కూడా మనిషి కాలు పోగొట్టవచ్చని వాళ్ళకి తెలియదు. అదెలాగో, ఇప్పుడు ఆసుపత్రుల్లో కంప్యూటర్ల ముందు కూర్చుని కేసులు ఎక్కించే పిల్లలకి చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఓపిక ఉన్నప్పుడు ధైర్యం లేకపోయింది, ధైర్యం వచ్చేసరికి ఓపిక తగ్గింది. సరే, ఇవాళ కూర్చున్నాను.

సికింద్రాబాద్‌లో మాది ఒక ట్రస్టు నడిపే ఆసుపత్రి. పేరెందుకు లెండి. మెట్ల కింద, పొడుగ్గా రైలుపెట్టెలా ఉండే గదిలో రికార్డుల సెక్షన్. పేషెంటు ఇంటికి వెళ్ళే రోజున అతని ఫైలు మా దగ్గరకి దిగేది. డాక్టర్లు గీసిన గీతలన్నీ విప్పి చదివి డిశ్చార్జి సమ్మరీ టైపు చేయడం, రిజిస్టర్లో ఎక్కించడం, ఫైలుని బీరువాలో పెట్టడం మా పని. సమ్మరీ మీద సంతకం డాక్టరుది. చదివి సంతకం పెట్టే డాక్టరుని నా సర్వీసులో ఇద్దరినే చూశాను, ఆ ఇద్దరూ ఎక్కువకాలం ఉండలేదు.

రిజిస్టర్లో ఒక్కో పేషెంటుకీ జబ్బు రాయడానికి మూడు లైన్లు ఉండేవి. మొదటి లైన్లో అసలు జబ్బు, మిగతా రెండు లైన్లలో కొసరు జబ్బులు. ఏడాది చివర ఏ జబ్బుకి ఎంతమంది చేరారని లెక్క తీసేటప్పుడు మొదటి లైన్ ఒక్కటే చూసేవాళ్ళం. మూడూ చూస్తే ఒకే మనిషిని మూడుసార్లు లెక్కపెట్టినట్టవుతుందని ఎవరో పెద్దాయన ఎప్పుడో పెట్టిన రూలు. ఆయన పోయాడు, రూలు ఉంది.

మా దగ్గర ఇంకో రూలు కూడా ఉండేది. అది ఎక్కడా రాసి లేదు.

ఆరోగ్య బీమా పాలసీలు ఇంటింటికీ వచ్చిన రోజుల్లో మొదలైంది అది. పాలసీ అమ్మినాయన ఫారంలో జబ్బులేవీ లేవని టిక్కు పెట్టి సంతకం చేయించుకుంటాడు. తర్వాత వీళ్ళు ఆసుపత్రిలో చేరితే, సమ్మరీలో షుగర్ ఎనిమిదేళ్ళ నుంచి ఉందని కనబడితే, ముందే ఉన్న జబ్బు దాచారని కంపెనీ డబ్బివ్వదు. అందుకని పేషెంట్ల తాలూకు మనుషులు మెట్లు దిగి మా గదికి వచ్చేవాళ్ళు. తలుపు దగ్గర నిలబడి, గొంతు తగ్గించి, "సార్, జెర షుగరని రాయకుండ్రి" అనేవాళ్ళు. మొదట్లో కసిరేవాణ్ణి. ఒకసారి ఒకావిడ తన పుస్తెలతాడు తాకట్టు చీటీ తీసి నా బల్ల మీద పెట్టింది. ఆ రోజు నుంచి నా నోరు పడిపోయింది. కాలి పుండుతో వస్తే పుండు అని రాసేవాణ్ణి, చీము పడితే చీము అని. సమ్మరీలోనూ రిజిస్టర్లోనూ షుగర్ మాట ఎత్తేవాణ్ణి కాదు. అబద్ధం రాయడం లేదు కదా, ఒక నిజం వదిలేస్తున్నానంతే అని సర్దిచెప్పుకునేవాణ్ణి.

మా సెక్షన్లో నాతోపాటు ఒకమ్మాయి ఉండేది. అమ్మాయంటే, అప్పటికే ఇద్దరు పిల్లల తల్లి, బన్సీలాల్‌పేట్‌లో పుట్టి పెరిగిన మనిషి. పొద్దున టీ చెప్పేటప్పుడు నాకోసం "ఒకటి విదౌట్" అని కేకేసేది, నాకు షుగర్ కాబట్టి. షుగర్ రాయకుండా వదిలేసే ఫైళ్ళకీ అదే పేరు పెట్టింది. "సార్, ఇయ్యాల మూడు విదౌట్‌లున్నయ్" అని ఫైళ్ళు నా ముందు పెట్టేది. నవ్వుకునేవాళ్ళం. పుణ్యం చేస్తున్నామని ఇద్దరికీ లోపల్లోపల గట్టి నమ్మకం.

అలా వచ్చినవాళ్ళలో ఒకాయన గురించే ఇదంతా. బన్సీలాల్‌పేట్‌లో ఒక సందు మొదట్లో ఇస్త్రీ బండి ఆయనది. బొగ్గుల పెట్టెతో పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడి చేసే పని. చేరినప్పుడు కుడి పాదం మీద రూపాయి బిళ్ళంత కాలిన పుండు, చుట్టూ వాపు. పదిరోజులుంచి, కోసి శుభ్రం చేసి పంపుతున్నారు. వెళ్ళేరోజున కుంటుకుంటూ తనే మా గదికి వచ్చాడు.

"ఎలా కాలిందయ్యా?" అన్నాను.

"బొగ్గు వడ్డది సార్ కాలు మీద. నాకెర్కలే. వాసనొచ్చింది. ఎవలో ఏదో కాలవెడుతున్నరని ఇటు సూసిన, అటు సూసిన. కిందికి సూస్తే నా కాలే."

నేను టైపు చేయడం ఆపాను. ఆయన అదేదో తమాషా జరిగినట్టు నవ్వుతున్నాడు.

"షుగర్ ఎన్నాళ్ళ నుంచి?"

"ఎన్మిదేండ్ల సంది. గా ముచ్చట రాయకుండ్రి సార్. పాలసీ ఇచ్చినాయన బట్టలు నేనే ఇస్త్రీ జేస్త, మంచోడు. షుగరని ఉంటే పైసలు రావని ఆయనే చెప్పి తోలిండు. పదిదినాలాయె బండి దియ్యక. పైసలు రాకుంటే మునుగుత సార్."

నేను రాయలేదు. కుడి పాదానికి కాలిన గాయం, చీము, శస్త్రచికిత్స అని టైపు చేశాను. ఆయన ఒంగి కాగితం వంక చూసి, "ఏం రాసిండ్రు సార్?" అన్నాడు. చదువు రాదు. "పుండు అని రాశాను" అన్నాను. దండం పెట్టాడు. క్లెయిము వచ్చింది. ఆ తర్వాత ఒకరోజు నా చొక్కాలు రెండు అడిగి మరీ తీసుకెళ్ళి, గంజి పెట్టి, కత్తి అంచులాంటి మడతతో తెచ్చిచ్చాడు. డబ్బివ్వబోతే పుచ్చుకోలేదు. తర్వాత ఏం పుచ్చుకున్నారని అడిగినప్పుడు ఈ రెండు చొక్కాలు చెప్పాల్సి వచ్చింది, అందుకని ఇక్కడ రాస్తున్నాను.

ఆయన ఆ తర్వాత ప్రతి బుధవారం వచ్చేవాడు. మా సెక్షన్ దాటగానే వరండా చివర ఒక చిన్న గది ఉండేది. అందరం కాళ్ళ గది అనేవాళ్ళం. అందులో ఒక సిస్టర్, ఒక స్టూలు, ఒక దీపం, బయట మూడు బెంచీలు. షుగర్ ఉన్నవాళ్ళ పాదాలు చూడటమే ఆవిడ పని. ఆనెలు గీకడం, గోళ్ళు తీయడం, పుండు కడిగి కట్టు కట్టడం, రెజిమెంటల్ బజార్‌లో మెత్తటి అట్టతో చెప్పులు కుట్టే ఒకాయన దగ్గరికి చీటీ రాసిచ్చి పంపడం. తిట్టడం కూడా. తిట్లకి ఫీజు లేదు.

నన్నూ ఒకసారి లాక్కెళ్ళి కూర్చోబెట్టింది. "కండ్లు మూసుకోండ్రి సార్. తగిలినప్పుడల్లా చెప్పుండ్రి" అని, నైలాన్ దారంలాంటిది ఒకటి పట్టుకుని అరికాలి మీద అక్కడక్కడ తాకించింది. తగిలింది, తగిలింది అంటూ చెబుతున్నాను. కాసేపు ఏమీ తగల్లేదు. అయిపోయిందేమోనని కళ్ళు తెరిచాను. దారం నా బొటనవేలి కిందే వంగి ఉంది.

"కాగితాల్ల అందరి షుగరూ సూస్తరు, మీది సూసుకోరు" అంది. ఆ రోజు నుంచి ఇంట్లో కూడా చెప్పులు లేకుండా నడవలేదు. మా ఆవిడకి పూజగది దగ్గర రోజూ నాతో గొడవే.

ఇలా నడుస్తుండగా మా ఆసుపత్రికి కొత్తగా ఒక పరిపాలనాధికారి వచ్చాడు. చెడ్డవాడు కాదు, ముందే చెబుతున్నాను. చిన్నవాడు, చురుకైనవాడు, మా గోదావరి జిల్లాల వైపు నుంచే వచ్చిన కుటుంబం. ట్రస్టు డబ్బు ఎక్కడ పోతోందో చూడమని ఆయన్ని పెట్టారు. వచ్చిన నెలలోనే నన్ను పిలిచి, గత ఐదేళ్ళలో షుగర్ పేషెంట్లు ఎంతమంది చేరారు, వాళ్ళ మీద ఎంత ఖర్చయింది, పట్టిక కావాలన్నాడు. "ఊళ్ళో అందరికీ షుగరే అంటున్నారు కదండీ. మన దగ్గర ట్రెండ్ ఎలా ఉందో చూద్దాం."

రిజిస్టర్లు దించాం. మొదటి లైన్ చూశాం. షుగర్ అని ఉన్నవి గీసుకుంటూ పోయాం. ఒక్క మధ్యాహ్నంలో పని అయిపోయింది. ఏటికేడాది లెక్క తగ్గుతూ వచ్చింది.

పట్టిక టైపు చేస్తున్నప్పుడే నాకు తెలుసు. తెలియదని ఇప్పుడు చెబితే ఈ కాగితం కూడా విదౌట్ అవుతుంది. ఆ అమ్మాయి నా భుజం మీదుగా చూసి, "సార్, గిది కరెక్టేనా? మనం తీసేసినవన్ని ఏడ వోయినయ్?" అంది. "అడిగింది మొదటి లైనే కదమ్మా" అన్నాను. ఇలాంటి పట్టికలు నా సర్వీసులో ఎన్ని ఇచ్చానో. పైవాళ్ళు చూస్తారు, బాగుందంటారు, బీరువాలో పెడతారు. ఇదీ అలాగే పోతుందనుకున్నాను. అరవై దగ్గర పడుతున్న గుమాస్తా చేసే తప్పు ఇదే. తన కాగితాన్ని ఎవరూ చదవరనే ధీమా.

ఈయన చదివాడు.

పదిరోజుల తర్వాత మీటింగు. గోడ మీద నా పట్టిక గీతగా మారి, కాప్రా చెరువుకట్ట దిగినట్టు మెల్లగా కిందికి దిగుతోంది. సర్జరీ ఖర్చు గీత మాత్రం పక్కనే పైకి పోతోంది. అధికారి చెప్పింది సూటిగా ఉంది. షుగర్ పేషెంట్లు తగ్గుతున్నారు, సర్జరీ పెరుగుతోంది. కాళ్ళ గది స్థలంలో రక్తపరీక్షల కౌంటర్ పెడదాం, సిస్టర్ని సర్జరీ వార్డుకి పంపుదాం, అక్కడ మనుషులు చాలడం లేదు.

సిస్టర్ లేచింది. "తక్కువైన్రా? తక్కువైతే నా బెంచీల మీద కూసుంటున్నోళ్ళెవరు సార్, దయ్యాలా?"

ఒకరిద్దరు నవ్వారు. అధికారి నవ్వలేదు. "ఇది నా సొంత మాట కాదు సిస్టర్. రికార్డుల నుంచి వచ్చిన లెక్క" అని నా వైపు చెయ్యి చూపించాడు.

సిస్టర్ నా వైపు తిరిగింది. విదౌట్‌ల సంగతి ఆవిడకి తెలుసు. ఆసుపత్రిలో తెలియనివాళ్ళెవరు? నేను నోరు తెరిస్తే చాలు. ఏం చెప్పాలి? లెక్క తప్పు సార్, తప్పుగా రాసింది నేనే, ఇన్నేళ్ళుగా రాస్తున్నాను అని. ఆ మాటతో నా ఉద్యోగం, పెన్షన్ లాంటి నాలుగు రూపాయలు పోతాయి, ఇచ్చేసిన క్లెయిములన్నీ మళ్ళీ బయటికి వస్తాయి. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. దొంగకి తేలు కుట్టినట్టు కూర్చున్నాను. ఆవిడ చేతిలో రుమాలు మడిచి, కూర్చుంది.

నెలాఖరుకి కాళ్ళ గది మూశారు. స్టూలూ దీపమూ స్టోరుకి పోయాయి. బెంచీలు మాత్రం అక్కడే ఉన్నాయి, రక్తం ఇచ్చేవాళ్ళు కూర్చోవడానికి. తర్వాత బుధవారం ఇస్త్రీ ఆయన వచ్చాడు. నేను మా గది తలుపులోంచి చూస్తూనే ఉన్నాను. కొత్త కౌంటర్ దగ్గర నిలబడి ఏదో అడిగాడు. పైకి వెళ్ళి సర్జరీ ఓపీలో చూపించుకోమన్నారు. అక్కడ చీటీకి డబ్బు, పొద్దున్నుంచి లైను, ఒకపూట పని పోతుంది. ఆయన మెట్ల వంక చూసి, తన పాదం వంక చూసుకుని, వెళ్ళిపోయాడు. పిలుద్దామనుకున్నాను. పిలిచి ఏం చెప్పను?

నాలుగైదు నెలల తర్వాత ఆయన భార్య ఆటోలో తీసుకొచ్చింది. అదే పాదం, ఈసారి అడుగున. ఆనె పగిలి పుండయింది. నొప్పి లేదు కదా అని మందుల షాపులో మలాము కొని రాసుకుంటూ పని చేశాడు. వాసన వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ముందు వేళ్ళు తీశారు. ఆగలేదు. మోకాలి కింద నుంచి తీసేశారు.

నేను వార్డుకి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండవలసింది. ఆయన నన్ను చూసి లేవబోయాడు. "సార్, ఈపారి సుత షుగర్ రాయకుండ్రి" అన్నాడు. అంతే. ఒక్క నిందా లేదు. తిడితే బాగుండుననిపించింది. మంచం అవతల కట్టు కడుతున్న సిస్టర్ తలెత్తలేదు. "బుధవారం బుధవారం నాకు కనవడుతుండె ఈ కాలు. ఆ ఆనె నేను నిమిషంల గీకేద్దును" అంది. ఎవరితో అందో చెప్పనక్కర్లేదు.

నేను ఆ సమ్మరీలోనూ షుగర్ రాయలేదు. ఈసారి అది పనికిరాలేదు. పెద్ద మొత్తం కావడంతో కంపెనీ తనిఖీ మనిషిని పంపింది. పాతికేళ్ళ కుర్రాడు, ఈ ఊరివాడే. ఫైలు అడిగాడు. నేను సమ్మరీ తీసి పైన పెట్టి ఇచ్చాను. దాన్ని చూడనైనా లేదు. ఫైలుని తిరగేసి వెనకనుంచి నాలుగో కాగితం దగ్గర ఆగి, ఫోనుతో ఫొటో తీసుకున్నాడు. నర్సులు పూటపూటకీ రక్తంలో చక్కెర చూసి, అంకె రాసి, ఎంత ఇన్సులిన్ ఇచ్చారో పక్కన రాసే చార్టు అది.

"సమ్మరీ చూడవా బాబూ?" అన్నాను.

"సమ్మరీ మీరు రాస్తరు సార్. చార్ట్ సిస్టర్లు రాస్తరు. వాళ్ళకి అబద్ధం రాసేంత టైముండది" అని నవ్వి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

క్లెయిము తిప్పికొట్టారు. ఇస్త్రీ బండి అమ్మేశారని ఆ అమ్మాయే చెప్పింది, వాళ్ళ సందు పక్కసందే కాబట్టి. ఆ మాట చెప్పి తన కుర్చీలో కూర్చుని ఏడ్చింది. నేను బీరువాల వైపు తిరిగి నిలబడ్డాను. ఆ కుర్రాడు తిప్పిన కాగితం ప్రతి ఫైల్లోనూ ఉంటుంది. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఫైళ్ళ మీద కూర్చుని ఒక్కసారైనా ఆ కాగితం కోసం వెనక్కి తిప్పలేదు నేను.

చేతులు కాలాక ఆకులు పట్టుకునే పని నేనూ ఆ అమ్మాయీ ఆ తర్వాతి ఆదివారాలు చేశాం. ఐదేళ్ళ ఫైళ్ళు బీరువాల్లోంచి దించాం. సమ్మరీ చూడకూడదు, మొదటి లైన్ చూడకూడదు, చార్టు ఉందా లేదా అంతే. ఉంటే నేల మీద ఎడమ దొంతరలో, లేకపోతే కుడి దొంతరలో. మొదటి ఆదివారం మధ్యాహ్నానికే ఎడమ దొంతర ఒరిగి పడింది. దాన్ని గోడకి ఆనించి మళ్ళీ పేర్చాం. ఎడమ పక్క ఫైళ్ళు లావు. పుండుతో వచ్చినవాడు, కిడ్నీతో వచ్చినవాడు, గుండెతో వచ్చినవాడు, అందరివీ. తగ్గిందనుకున్న జబ్బు తగ్గలేదు, మా చేతుల మీదుగా వేరే పేర్లు పెట్టుకుని వేరే వార్డుల్లో పడుకుంది. ఏటికేడాది ఎక్కువమంది, ఎక్కువ రోజులు. పైకి పోయిన సర్జరీ ఖర్చు గీతలో ఎంతో భాగం ఇదే.

"సార్, గిది చూడుండ్రి" అంది ఆ అమ్మాయి ఒక ఆదివారం, దుమ్ము పోకుండా ముక్కుకి చున్నీ కట్టుకుని. ఆమె చేతిలో కాళ్ళ గది పాత కార్డుల కట్ట ఉంది. అందులో ఇస్త్రీ ఆయన కార్డు. ఒక్కటే అట్టముక్క, రెండు వైపులా బుధవారాల తేదీలు, ప్రతి తేదీ పక్కనా సిస్టర్ పొట్టి సంతకం. ఆ కార్డు నడిచినంతకాలం ఆయన ఒక్కరోజు కూడా ఆసుపత్రి మంచం ఎక్కలేదు.

మర్నాడు సోమవారం ఆ కార్డూ, కాలు తీసేసినప్పటి ఫైలూ పట్టుకుని అధికారి గదికి వెళ్ళాను. ఆ అమ్మాయి తనూ వస్తానంది. వద్దన్నాను, పిల్లల తల్లివి, నాకు ఇంకా ఏడాదిన్నరే సర్వీసు అని. గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

రెండూ ఆయన బల్ల మీద పక్కపక్కన పెట్టాను. కార్డు ఒక్క అట్టముక్క, ఫైలు మందం ఇటుకంత. జరిగిందంతా చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆయన నన్ను కాదు, ఆ రెంటినీ చూస్తున్నాడు.

"ఎవరు తీసేయమన్నారండీ షుగర్?"

"ఎవరూ ఆర్డరివ్వలేదు సార్. బతిమాలారు. తీసేశాను."

"డబ్బు తీసుకున్నారా?"

"రెండు చొక్కాలు ఇస్త్రీ చేయించుకున్నాను."

ఆయనకి కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. కాసేపటికి కోపమే వచ్చింది. "ఆ మీటింగులో మీరు అక్కడే కూర్చున్నారు. నేను మీ లెక్క చూపించే కదా ఆ గది మూశాను! ఒక్క మాట అనలేకపోయారా?"

"అనలేకపోయాను సార్."

"ఎందుకు?"

"భయం" అన్నాను. ఇంకేదైనా పెద్ద మాట ఉంటే బాగుండేది. లేదు.

 ఆ తర్వాత ఆయన అధికారిలాగే మాట్లాడాడు. పాత క్లెయిముల సంగతి ట్రస్టు లాయరు చూస్తాడు, మీరు ఎవరితోనూ మాట్లాడకండి. ఆ దొంతరల లెక్క నాకు కాగితం మీద కావాలి. మీరు రేపటి నుంచి రికార్డుల్లో ఉండరు. ఇవాళ్టి నుంచి ఎవరు బతిమాలినా ఒక్క సమ్మరీలో ఒక్క జబ్బు వదిలేయడానికి వీల్లేదు.

నాకు మెమో ఇచ్చారు, ఇంక్రిమెంటు ఆపారు, ముందు హాల్లో ఓపీ చీటీలు రాసే కౌంటర్‌కి పంపారు. ఇంటికి పంపకపోవడానికి కారణం ఆయన దయో, లాయరు సలహానో ఇప్పటికీ తెలియదు. పాత క్లెయిముల విషయం ఏమైందో అదీ తెలియదు. అడిగే అర్హత పోగొట్టుకున్నాను.

రికార్డుల్లో కొత్త రూలు పడ్డాక మెట్లు దిగి వచ్చినవాళ్ళకి ఆ అమ్మాయే జవాబు చెప్పాల్సి వచ్చింది. "రాయకుంటే మీకే నష్టమమ్మా, మా మాట వినుండ్రి" అని చెప్పేది. వాళ్ళు శాపనార్థాలు పెట్టి వెళ్ళేవాళ్ళు. వాళ్ళ బాధా నిజమే. ఆ పాలసీ ఫారంలో టిక్కు పెట్టినవాడికి మెమో ఇచ్చేవాళ్ళెవరూ లేరు. నిజం రాస్తే ఆ మనిషికి డబ్బు పోతుంది, రాయకపోతే అందరికీ గది పోతుంది. దీనికి మంచి జవాబు నాకు ఇప్పటికీ తట్టలేదు. మీకు తడితే సంతోషం. ఒక్కటి మాత్రం చెప్పగలను. మీరు జాలిపడి వదిలేసిన మాట అక్కడితో ఆగదు, మీరు చూడని చోట ఇంకొకరి నెత్తిన పడుతుంది.

కాళ్ళ గదిని మళ్ళీ తెరవడానికి నాలుగు నెలలు పట్టింది. పాత గది ఇవ్వలేదు. మెట్ల పక్కన పాత సామాను పెట్టే చోట ఒక తెర కట్టి, స్టూలూ దీపమూ తెచ్చి వేశారు. వారానికి మూడు రోజులు. ఒక్క కాలు తీసే ఖర్చుతో సిస్టర్ జీతం ఎన్నాళ్ళు వస్తుందో అధికారి లెక్కేసి ట్రస్టు వాళ్ళకి చూపించాడట. జాలిపడి కాదు, గిట్టుబాటయి తెరిచారు. పోనీ, తెరిచారు. నేను అభినందించబోతే సిస్టర్, "ముందు లైను సరిగ పంపుండ్రి సార్" అని తెర వెనక్కి పోయింది. రిటైరయ్యేదాకా నాతో అంతకు మించి మాట్లాడలేదు. ఆవిడ తప్పు లేదు.

తెరిచిన మొదటి బుధవారం నా కౌంటర్ ముందు లైను ద్వారం దాకా ఉంది. మధ్యలో చంక కర్రల చప్పుడు. తలెత్తకుండానే తెలిసింది ఎవరో. కుడి ప్యాంటు కాలు మడిచి పిన్ను పెట్టి ఉంది. మడత మాత్రం కత్తి అంచులా ఉంది.

"సిస్టర్ వచ్చిందంటగా సార్. ఎడమకాలు జూపిస్త" అన్నాడు.

పేరు రాశాను, వయసు రాశాను. చీటీలో జబ్బు దగ్గరికి వచ్చేసరికి, ఇన్నేళ్ళ అలవాటు, పెన్ను ఆగింది. రాయాల్సింది రాయక తప్పదని తెలుసు. అయినా ఆయన ముఖం చూశాను. మళ్ళీ బతిమాలతాడేమోనని భయం వేసింది.

ఆయన కర్ర మీద బరువు వేసి కిటికీలోకి వంగాడు.

"రాయుండ్రి సార్. పెద్దగ రాయుండ్రి. ఇంకొక్కటే ఉంది."

రాశాను. మొదటి లైన్లో రాశాను. చీటీ చింపి ఇచ్చాను.  ఆయన ఆ కాగితాన్ని కౌంటర్ మీద పరిచి, నేను రాసిన అక్షరాల మీద వేలు పెట్టాడు. వేలి చివర ఇస్త్రీపెట్టె తగిలి కాలిన పాత మచ్చ.

"షుగరంటే గిదేనా సార్?"

"అవును" అన్నాను. "అదే."

ఆయన ఆ మాటని ఇంకోసారి వేలితో తడిమి, చీటీ మడిచి జేబులో పెట్టుకుని, తెర వైపు నడిచాడు.